పక్క మంచం దోస్తుకు నిద్ర పట్టనప్పుడు

జగదల్‌పూర్ నుంచి సుక్మా మీదుగా కుంట, చింతూరు, భద్రాచలం దిక్కుగా దిగివచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్. హిందీ, హల్బీ, కోయ, దోర్లా, తెలుగు మాటలు ఒకే సంతలో కలగలిసి వినబడే ఊరు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక లోపలి పల్లెల జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. అప్పుడు ఇక్కడికి వేలాది మంది వచ్చి పడ్డారు. ఇంకొన్ని వేల మంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వెళ్లిపోయారు. లోపలి బడులు చాలా మూతపడ్డాయి, కొన్నిటిని పేల్చేశారు. వాటికి బదులుగా రోడ్డు వెంట వెదురు తడికలతో ఆశ్రమ బడులు లేచాయి. పోర్టా కేబిన్లంటే ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఎక్కడో అడవి లోపలి ఊళ్ల పిల్లలు వచ్చి అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకుంటారు.

అలాంటి హాస్టల్లో ఒక పిల్లవాడి మనసు దెబ్బతింటే ముందుగా ఎవరికి తెలుస్తుంది? అమ్మానాన్నలకు తెలియదు. పండక్కో, సెలవులకో తప్ప వాళ్లు బిడ్డను చూడరు. వందల మంది బాగోగులు చూసుకోవాల్సిన అధీక్షక్ సారుకూ వెంటనే తెలియదు. వాడు రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నాడని, పళ్లెంలో అన్నం సగం వదిలేస్తున్నాడని తెలిసేది పక్క మంచం మీద పడుకునేవాడికే. ఈ వ్యాసం వాడి కోసం, వాడికి ఈ సంగతులు చెప్పాల్సిన పెద్దల కోసం.

పదో తరగతి చదివే ఒక పిల్లవాణ్ణి ఊహించుకుందాం. సాయంత్రం గంట కొట్టగానే వాలీబాల్ కోర్టులో అందరికంటే ముందు ఉండేవాడు. నెల రోజులుగా అటు వెళ్లడం లేదు. స్నానం మానేశాడు. రెండు రోజులకోసారి చొక్కా ఉతుక్కునేవాడు, ఇప్పుడు వారం నుంచి అదే చొక్కా. మొదట తలనొప్పి అన్నాడు, తర్వాత గుండె దడ అన్నాడు. ఈ మధ్య వెనక బెంచీల వాళ్లు గుసగుసలాడితే తన గురించేనంటున్నాడు. ఒకటి రెండు సార్లు ఎవరూ లేనివైపు తిరిగి జవాబు చెప్పడం కూడా కనబడింది. సారు కంటికి మాత్రం ఒక్కటే కనబడింది: లెక్కల్లో మార్కులు పడిపోయాయి, కుర్రాడు సోమరి అయ్యాడు. దోస్తు కంటికి కనబడినవన్నీ ఒకచోట చేరిస్తే తప్ప అసలు సంగతి బయటపడదు.

ఇది అరుదైన సంగతేమీ కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని లెక్కగట్టింది. నలభై మంది ఉన్న తరగతిలో ముగ్గురు దాకా అన్నమాట. పెద్దయ్యాక బయటపడే మానసిక జబ్బుల్లో సగానికి సగం పద్నాలుగేళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లేని గొంతులు వినిపించే తీవ్రమైన జబ్బు స్కిజోఫ్రీనియా ఎక్కువగా పదిహేను దాటాక, ముప్ఫై లోపు మొదలవుతుంది. బడిలో, కాలేజీలో ఉండే వయసే ఇది. ఎంత త్వరగా మందు మొదలైతే అంత బాగా కోలుకుంటారు. దోస్తు చూసింది త్వరగా పెద్దవాళ్ల చెవిన పడటం అందుకే ముఖ్యం.

మరి దేన్ని చూసి అనుమానించాలి? కొందరు పుట్టుకతోనే ముభావంగా ఉంటారు, కొందరికి మాట తక్కువ. వాళ్లను జబ్బు మనుషులనుకోకూడదు. చూడాల్సింది మార్పును. కలివిడిగా ఉండే పిల్ల మూగబోయిందా? నిదానంగా ఉండేవాడు రాత్రీ పగలూ నిద్ర లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, తనకేదో గొప్ప శక్తి వచ్చిందంటున్నాడా? ఆ మార్పు ఒకటి రెండు రోజులు ఉండి పోయిందా, రెండు వారాలు దాటినా నిలిచిందా? తిండి, నిద్ర, చదువు, ఆట, ఒంటి శుభ్రం, వీటిలో ఎన్ని దెబ్బతిన్నాయి? పరీక్ష తప్పినందుకు నాలుగు రోజులు ఏడవడం జబ్బు కాదు. ఫలితాలొచ్చి నెల గడిచినా అన్నం సహించకపోతే, తాను బతికి ఎవరికి లాభమని అంటుంటే అది వేరే సంగతి.

మన పల్లెల పిల్లలు మనసు బాగోలేదని ఆ మాటల్లో చెప్పరు. ఒంటి మీద పెట్టి చెబుతారు. తల బరువు, కడుపులో మంట, ఒళ్లంతా తిమ్మిరి, గుండె దడ అంటారు. ఇక్కడ చిక్కు ఇంకొకటి కూడా ఉంది. పిల్లవాడి ఇంటి మాట కోయ, సారు చెప్పే పాఠం హిందీ, ఆస్పత్రిలో డాక్టరుకు ఏ మాట వస్తుందో ఆ రోజు తెలుస్తుంది. భయం, దిగులు లాంటివి రాని భాషలో చెప్పమంటే ఎవరికైనా నోరు పెగలదు. ఒకే మాట మాట్లాడే దోస్తు అక్కడ చాలా పెద్ద ఆసరా. వాడు తోడు వెళ్లి, తాను చూసింది, వీడు చెప్పింది కలిపి చెబితే డాక్టరు పని సగం తేలికవుతుంది.

దోర్నపాల్ పిల్లలకు సంబంధించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇళ్లు తగలబడటం, మనుషులు చనిపోవడం కళ్లారా చూసిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో. అలాంటివి చూసిన పిల్లవాడు టపాసు పేలినా, తలుపు దభాలున పడినా ఉలిక్కిపడి చెమటలు పట్టడం, అదే సంఘటన మళ్లీ మళ్లీ కలలోకి రావడం, దాన్ని గుర్తుచేసే తావులకు, మాటలకు దూరంగా పారిపోవడం నెలలు గడిచినా తగ్గకపోతే అది వైద్యం ఉన్న జబ్బే. అలాగని హింస చూసిన ప్రతి పిల్లా జబ్బు పడుతుందని అనుకోవడం తప్పు. ఎక్కువ మంది తమంతట తాము తేరుకుంటారు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని తోటి పిల్లలు గుచ్చి గుచ్చి అడగకూడదు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవాల్సింది మాత్రం జ్వరం. ఈ బస్తర్ ప్రాంతం దేశంలోనే మలేరియా బెడద ఎక్కువగా ఉన్న చోట్లలో ఒకటి. ప్రభుత్వం 2020 జనవరిలో ఇంటింటికీ తిరిగి రక్తపరీక్షలు చేసే మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్ మొదలుపెట్టింది కూడా అందుకే. ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకు ఎక్కితే మనిషి తికమకపడతాడు, సంధి మాటలు మాట్లాడతాడు, మనుషుల్ని గుర్తుపట్టడు, కొట్టబోతాడు. చూసేవాళ్లకు పిచ్చి పట్టినట్టే ఉంటుంది. నిన్నటిదాకా మామూలుగా ఉన్నవాడు గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ఇలా మారాడంటే, ముఖ్యంగా జ్వరం, ఫిట్స్, మెడ పట్టేయడం, తలకు దెబ్బ లాంటివి ఉంటే మనోవైద్యుడి కోసం వెతకక్కర్లేదు. ఆ పూటే, రాత్రయినా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్ అక్క దగ్గర వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసే కిట్టు ఉంటుంది, అయితే దానికోసం ఆస్పత్రి ప్రయాణం ఆలస్యం చేయకూడదు. మానసిక జబ్బులు సాధారణంగా వారాలు, నెలల మీద ముదురుతాయి. ఆ రోగి తానెక్కడున్నాడో, ఇది పగలో రాత్రో చెప్పగలుగుతాడు. మెదడుకెక్కిన జ్వరంలో ఆ స్పృహే చెదిరిపోతుంది. ఈ తేడా తెలియక తాయెత్తు కోసం తిరిగితే ప్రాణం పోవచ్చు.

ఇప్పుడు మన పిల్లవాడి దగ్గరకు వద్దాం. జ్వరం లేదు, మార్పు నెల నుంచి ఉంది. దోస్తు ఏం చేయాలి?

మాట్లాడాలి. నలుగురిలో కాదు, భోజనాల వరుసలో కాదు, ఎవరూ లేనప్పుడు. నీళ్లు తెచ్చుకోవడానికి ఇద్దరూ వెళ్తున్నప్పుడు అడగొచ్చు. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడిగితే బెదిరిపోయేవాడు, పక్కపక్కన నడుస్తుంటే చెబుతాడు.

"ఏరా, రాత్రుళ్లు పడుకోవట్లేదు నువ్వు. నేను చూస్తున్నా."

"ఏం లేదురా."

"అన్నం కూడా తినట్లేదు. కోర్టుకి రావట్లేదు. నాకు దిగులుగా ఉందిరా నిన్ను చూస్తుంటే."

కాసేపటికి జవాబొస్తుంది. "వాళ్లు పిలుస్తున్నార్రా. పేరు పెట్టి పిలుస్తున్నారు. నీకు వినబడట్లేదా?"

ఇక్కడ చాలామంది పొరపడతారు. నవ్వేస్తారు, లేదా ఎవరూ లేరు కదరా అని వాదిస్తారు. వినబడేవాడికి ఆ గొంతు నిజంగానే వినబడుతుంది. వాదించి దాన్ని ఆపలేం. అవును నాకూ వినబడుతోందని అబద్ధమాడటం ఇంకా చేటు, ఆ భయానికి సాక్ష్యం పలికినట్టవుతుంది. చెప్పాల్సింది ఉన్నదున్నట్టు: "నాకైతే వినబడట్లేదురా. నీకు వినబడుతోందంటే ఎంత భయమేస్తుందో తెలుస్తోంది. పడుకోకుండా ఎన్నాళ్లని ఉంటావు? సారు దగ్గరికి ఇద్దరం వెళ్దాం." ఈ నాలుగు మాటల్లో వాడి భయాన్ని ఒప్పుకోవడం ఉంది, సాయానికి దారి ఉంది, తోడు వస్తానన్న భరోసా ఉంది.

దిగులుతో కుంగిపోయిన పిల్లకు ధైర్యంగా ఉండమని, నీకేం తక్కువని, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా అని చెబుతుంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ వినే పిల్లకు అది తన తప్పేనన్నట్టు తగులుతుంది. చేతనైతే ఊరికే వినండి. పక్కన కూర్చోండి. రేపటి హోంవర్కు రాసిపెడతానని, స్నానానికి నీళ్లు తోడిపెడతానని అనండి.

ఇక చచ్చిపోవాలనే మాట. ఈ దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దలు కూడా జంకుతారు. సూటిగా, ఆదరంగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని ఈ విషయం మీద జరిగిన అధ్యయనాలు తేల్చాయి. అడిగితే చాలామందికి గుండె బరువు దిగినట్టుంటుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడగాలి. అవునంటే వాణ్ణి క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు. ఒకరు వాడి పక్కన ఉండి, ఇంకొకర్ని సారు కోసం పరుగెత్తించాలి. ప్రాణం మీదికి తెచ్చే వస్తువులేవైనా చేతికందే చోట ఉంటే తీసేయాలి. తన వస్తువులు అందరికీ పంచేస్తున్నా, ఉన్నట్టుండి అందరికీ వీడ్కోలు మాటలు చెబుతున్నా అడగడానికి మర్నాటిదాకా ఆగొద్దు.

ఈ సందర్భంలోనే దోస్తులందరికీ ఒక కష్టం ఎదురవుతుంది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటాడు వాడు. ఒట్టు వేయొద్దు. "తరగతిలో ఎవరికీ చెప్పను, నీ మీద ఎవ్వరూ నవ్వకుండా చూస్తా. కానీ సాయం చేయగల పెద్దవాళ్లు ఒకరికి చెబుతా, నువ్వూ నాతో రా" అనాలి. ముందే ఒట్టేసి ఉన్నా సరే, ప్రాణం సంగతి వచ్చినప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాల్సిందే. కోపమొచ్చి వారం రోజులు మాట్లాడకపోతే పోనీ. పదహారేళ్ల పిల్లవాడు ఇంకో పదహారేళ్ల పిల్లవాడి జబ్బును ఒంటరిగా మోయడం మంచిది కాదు, మోయలేడు కూడా. జరగరానిది జరిగితే బతికినన్నాళ్లూ తనను తాను నిందించుకుంటాడు. పెద్దలకు చెప్పడంతో తోటి విద్యార్థి భారంలో పెద్ద భాగం దిగిపోతుందని బడిలో పిల్లలందరికీ ముందే చెప్పి ఉంచాలి. ఆస్ట్రేలియాలో 2000లో బెట్టీ కిచ్చెనర్, ఆంథనీ జోర్మ్ మొదలుపెట్టిన మానసిక ప్రథమ చికిత్స శిక్షణ కూడా పిల్లలకు ఇదే నేర్పుతుంది. గమనించు, అడుగు, విను, పెద్దవాళ్లకు అప్పజెప్పు. జబ్బుకు పేరు పెట్టడం, మందు చెప్పడం పిల్లల పని కాదు.

పోలీసు కేసవుతుందేమోనని హాస్టళ్లు కొన్ని సంగతులు కప్పిపెడతాయి. ఆ భయం అక్కర్లేదు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు.

ఎవరికి చెప్పాలి? ముందు అధీక్షక్‌కో, నమ్మకమున్న సారుకో, మేడమ్‌కో. ఒకరు కొట్టిపారేస్తే ఇంకొకరికి. ఫోనుంటే 14416కి చేయొచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఇది. పైసా ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో, హిందీలో మాట్లాడొచ్చు. జబ్బు పడినవాడే చేయాలని లేదు, వాడి కోసం దోస్తు చేసి ఏం చేయాలో అడగొచ్చు. కోయ తప్ప రాని పిల్లకు పక్కన కూర్చుని మాట అందించాలి. ఆస్పత్రి మాటకొస్తే, ముందు సుక్మా జిల్లా ఆస్పత్రి, అక్కడి నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో జగదల్‌పూర్ వైద్య కళాశాల. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ దగ్గర సేంద్రీలో ఉంది, అంటే ఇక్కడికి చాలా దూరం. దారి ఎంత దూరమైతే జబ్బు ముదరకముందే కదలడం అంత అవసరం.

ఇంటివాళ్లకు కబురందగానే వాళ్లు ముందుగా వెళ్లేది పూజలతో జబ్బు నయం చేస్తామనే వడ్డె దగ్గరికో, సిరహా, గునియా దగ్గరికో. దీన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. జాతరలో దేవర ఒంటి మీదికి రావడం జబ్బు కాదు, అది ఆ ఊరి ఆచారం, పూనకం దిగాక మనిషి మామూలుగా పనిలోకి వెళ్తాడు. అదే పూనకం బడిలో వేళాపాళా లేకుండా, పిల్లను కుంగదీస్తూ మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరుకు చూపించాలి. పూజ మానేస్తేనే ఆస్పత్రికి రానిస్తామంటే తల్లిదండ్రులు ఆస్పత్రినే మానేస్తారు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గాకు వచ్చే రోగులకు అక్కడి ఆవరణలోనే మనోవైద్యులు మందులివ్వడం 2008లో మొదలైంది. దువా (ప్రార్థన), దవా (మందు) రెండూ సాగుతున్నాయి. పూజ చేయించుకోండి, మందూ వేయించండి అని చెబితే చాలు. ఒప్పుకోకూడనివి మాత్రం ఉన్నాయి: కొట్టడం, వాతలు పెట్టడం, కట్టేయడం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. 28 మంది. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని ఇప్పుడు చట్టం నిషేధించింది.

పెద్దల బాధ్యత ఎక్కడ మొదలవుతుందో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ ఒక విద్యార్థిని చనిపోయింది. ఆ కేసులో 2025 జులై 25న ఇచ్చిన తీర్పు దేశంలోని అన్ని బడులకు, కాలేజీలకు, కోచింగ్ కేంద్రాలకు, హాస్టళ్లకు వర్తిస్తుంది. వంద మంది, అంతకంటే ఎక్కువ పిల్లలుంటే పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. తక్కువుంటే బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ నంబరు హాస్టల్లో, తరగతి గదిలో పెద్ద అక్షరాలతో కనబడాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరు చేసి నలుగురిలో చిన్నబుచ్చకూడదు. విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలకు ఎంతో దోర్నపాల్ వెదురు గోడల బడికీ అంతే. కౌన్సెలర్ దొరకలేదంటే కొంత అర్థం చేసుకోవచ్చు. గోడ మీద నంబరు రాయడానికి మాత్రం ఏ నిధులూ మంజూరు కానక్కర్లేదు. తల్లిదండ్రుల సమావేశంలో ఎవరైనా లేచి అది ఎక్కడుందని అడగొచ్చు.

వైద్యం మొదలయ్యాక పిల్లవాడు బడికి తిరిగొస్తాడు. ఈ ఘట్టం గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నా దృష్టిలో అన్నిటికంటే ఇదే గట్టి పరీక్ష. పేరు వెనక మెంటల్ అని తగిలిస్తారు. వాడు మంచం మార్చమనక ముందే పక్కవాడు మార్చుకుంటాడు. మానసిక జబ్బు ఉన్నవాళ్లు ఎవర్నో పొడిచేస్తారన్న భయం సినిమాల నుంచి వచ్చింది. నిజానికి వాళ్లు దెబ్బలు తినడమే ఎక్కువ. వాలీబాల్ జట్టులోకి ఎప్పటిలా పిలవండి. పోయిన పాఠాల నోట్సు ఇవ్వండి. మందులు కొత్తల్లో మగతగా ఉంచుతాయి, పొద్దున్నే లేవలేకపోతే సారుతో మీరే చెప్పండి. దిగులుకిచ్చే మందు పనిచేయడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే గుణం కనబడలేదని, లేదా బాగయిందని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. మానాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి.

కాస్త కుదుటపడ్డాక వాడితోనే ఒక కాగితం రాయించండి: జబ్బు మొదలవకముందు నాలో మొదట ఏం మారింది? ఒకడు నిద్ర అని రాస్తాడు. ఇంకొకడు కోపం, ఇంకొకరు తిండి, మరొకరు గుసగుసలు. దాని ఒక ప్రతి వాడి దగ్గర, ఒకటి అధీక్షక్ దగ్గర, వాడికి ఇష్టమైతే ఒకటి దోస్తు దగ్గర ఉండాలి. అందులోవి రెండు వరసగా మూడు నాలుగు రోజులు కనబడితే, డాక్టరు రమ్మన్న తేదీ ఇంకా నెల ఉన్నా ఆగకుండా తీసుకెళ్లాలి.